లియోన్‌లో పరుగు: రెండు నదులు, రెండు కొండలు, బోలెడన్ని మెట్లు

గురువారం

పారిస్‌లో టీజీవీ ఎక్కితే రెండు గంటల్లో లియోన్. ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైళ్లు 1981లో మొదలైంది కూడా ఈ దారిలోనే. పార్ద్యూ స్టేషన్ బయటికి వస్తే గాజు గోడలు, కాంక్రీటు, ట్రామ్ తీగలు. రెండు వేల ఏళ్లు దాటిన ఊరికి వచ్చామనడానికి ఆనవాలు ఒక్కటీ కనపడదు. మా చిన్నాన్న కొడుకు ఇక్కడ చదువుకుంటున్నాడు. వాడి గది గియొతియేర్ పేటలో, రోన్ నదికి కూతవేటు దూరంలో. బ్యాగు ఓ మూల పడేసి షూ లేసులు కట్టుకుంటుంటే, "ఇప్పుడే కదన్నా దిగినావు, రేపు పరిగెత్తరాదా?" అన్నాడు. మే నెలాఖరు. రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుంది. దాన్ని వదులుకోవడం నావల్ల కాలేదు.

ఊరి స్వరూపం ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత చెప్పేది తలకెక్కదు. ఆల్ప్స్ మంచు నీళ్లతో, జెనీవా సరస్సు మీదుగా వచ్చేది రోన్. ఉత్తరం నుంచి తాపీగా దిగేది సోన్. రెండూ ఊరికి దక్షిణాన కలుస్తాయి. మధ్యలో సన్నగా సాగిన నేలను ప్రెస్కీల్ అంటారు, బజారూ ఆఫీసులూ అక్కడే. సోన్‌కు పడమటి ఒడ్డున ఫుర్వియేర్ కొండ, నదుల నడుమ ఉత్తరాన క్రువా-రూస్ కొండ. రోన్‌కు తూర్పున అంతా చదును. అంటే ఇక్కడ ఏ హోటల్లో దిగారన్నదాన్ని బట్టి మీ పరుగు ఎంత కష్టమో తేలిపోతుంది.

రోన్ ఎడమ ఒడ్డు ఒకప్పుడు కార్ల పార్కింగ్. 2007లో కార్లన్నీ తీసేసి, ఐదు కిలోమీటర్ల పొడవున నడకకీ సైకిళ్లకీ వదిలేశారు. నది వెంట పరిగెడుతుంటే ట్రాఫిక్ మొత్తం తలకన్నా ఎత్తులో, రోడ్డు మీద ఉండిపోతుంది. సిగ్నల్ లేదు, హారన్ లేదు. హైదరాబాద్‌లో పరిగెత్తేవాళ్లకి ఇంకో సంగతి వెంటనే తెలుస్తుంది: వీధికుక్కల టెన్షన్ లేదు. చేతిలో రాయి పట్టుకున్నట్టు నటించే అలవాటున్న నాకు, ఆ చేతిని ఏం చేయాలో మొదటి కిలోమీటరంతా తోచలేదు. భయపడాల్సింది సైకిళ్లకి. గంట కొట్టేది ఒకసారే, రెండోసారి పక్కనుంచి దూసుకుపోవడమే.

పడవల మీద బార్లు, మెట్ల మీద కాలేజీ పిల్లలు, పిజ్జా డబ్బాలు. పక్కన పచ్చటి నీళ్లు ఒకటే వడిగా పోతున్నాయి. ప్రవాహంతో పాటు దక్షిణానికి పరిగెడితే మన వేగం మనకే ముచ్చటేస్తుంది. వెనక్కి తిరిగాక ఎదురుగాలి తగిలింది.

శుక్రవారం

ఆరింటికి గియొతియేర్ వంతెన దాటి, బెల్‌కూర్ మైదానం గుండా సోన్ వైపు. ఎర్రమట్టి పరిచిన ఖాళీ మైదానం, మధ్యలో గుర్రం మీద పద్నాలుగో లూయీ. చెట్టు నీడ లేదు, కూర్చోవడానికి చోటు తక్కువ. ఊరివాళ్లకు ఇదంటే గర్వం. నాకు మాత్రం దాటడానికే పనికొచ్చింది.

సోన్ ఎంత నిదానమంటే, ఏ వైపు పారుతోందో కంటితో చూసి చెప్పలేమని జూలియస్ సీజర్ రాసిపెట్టాడు. నది మీది కాలినడక వంతెన మధ్యలో ఆగి చూశాను. ఓ ఆకు నీటి మీద కదలనా వద్దా అన్నట్టు ఉంది. రెండు వేల ఏళ్లలో నది అలవాటు మారలేదు.

వంతెన దిగితే పాత లియోన్. పదిహేను, పదహారో శతాబ్దాల ఇళ్లు, లేత నారింజ, ఇటుక రంగు గోడలు. పగలైతే ఈ వీధుల్లో టూరిస్టులను తోసుకుంటూ నడవాలి. ఆరున్నరకి ఒక్క రొట్టెల కొట్టు వెలుగుతోంది, ఓ మునిసిపల్ బండి వీధి కడుగుతోంది. ఆ కడిగిన రాళ్లే గండం. వందల ఏళ్ల అడుగులకు నున్నగా అరిగినవి, తడిస్తే కాలు నిలవదు. కేథడ్రల్ ముందు నేను పరుగు ఆపి బుద్ధిగా నడిచాను.

ఈ పేట ఇలా మిగలడమే ఓ పోరాటం. 1960లలో నగరపాలకులు దీని మధ్యలోంచి పెద్ద రోడ్డు వేద్దామనుకున్నారు. ఊరివాళ్లు అడ్డం తిరిగారు. అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో 1962లో పాత పేటల రక్షణకు చట్టం తెచ్చాడు. 1964లో ఆ చట్టం కింద ఫ్రాన్స్‌లో మొట్టమొదట రక్షణ పొందింది ఈ పేటే. కార్ల కోసం కొండ కింద సొరంగం తవ్వి 1971లో తెరిచారు. 1998లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన దగ్గర రోడ్ల వెడల్పులో పోయిన పాత బజార్లను తలుచుకుంటే కాస్త ఈర్ష్యగానే ఉంటుంది.

ఇక ఎక్కుడు. ఫుర్వియేర్ కొండకి రైలు కూడా ఉంది, తాడుతో లాగే బుల్లి రైలు. పరిగెత్తే మనిషికి అది నిషిద్ధం. షాజో మెట్ల దారి పట్టాను, 228 మెట్లు. అలిపిరిలో 3,550 ఎక్కినోళ్లం, ఇదొక లెక్కా అనుకుంటే దెబ్బ తింటారు. అలిపిరి దారిలో మధ్యమధ్య చదును వస్తుంది, గోవింద నామం మోస్తుంది. ఇక్కడ ఎత్తైన గోడల మధ్య నిలువుగా లేచిన ఒకటే మెట్ల వరస, వినపడేది మన ఆయాసమే. సగం దాకా పరిగెత్తి, తర్వాత మోకాళ్ల మీద చేతులేసుకుని ఎక్కాను. నా వాచీ ఆ పది నిమిషాల్లో కిలోమీటరు కూడా లెక్క పెట్టలేదు, గుండె మాత్రం 170 దాటింది. ఈ ఊళ్లో ఎన్ని కిలోమీటర్లు అని అడగడం దండగ, ఎన్ని మీటర్లు ఎక్కావు అని అడగాలి. ఏటా ఇక్కడ ఇలాంటి మెట్ల మీదే అర్బన్ ట్రయల్ పరుగు పోటీ పెడతారు.

పైన రోమన్ థియేటర్. క్రీస్తుపూర్వం 43లో రోమన్లు ఈ కొండ మీద లుగ్డునుమ్ అనే ఊరు కట్టారు. అదే లియోన్‌కు మొదలు. అగస్టస్ కాలం నాటి ఈ థియేటర్ తర్వాత విస్తరించి పదివేల మంది పట్టేంత అయింది. మట్టిలో పూడిపోయిన దీన్ని 1933 నుంచి తవ్వి తీశారు. లోపలికి టికెట్ లేదు. జూన్‌లో మొదలయ్యే నాటకాలు, కచేరీల కోసం కూలీలు ఇనప వేదిక బిగిస్తున్నారు. అదే చోటు, అదే పని. పురావస్తువును తాళమేసి దాచకుండా వాడుకోవడం నాకు నచ్చింది.

ఆ పక్కన 1872లో మొదలుపెట్టి కట్టిన తెల్లటి బాసిలికా. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో జరిగిన యుద్ధంలో ఊరు క్షేమంగా ఉంటే గుడి కడతామని మొక్కుకుని కట్టినది. లోపల బంగారు మొజాయిక్‌లు మరీ మితిమీరినట్టు అనిపించాయి. బయట అరుగు మీంచి చూస్తే మాత్రం రెండు నదులూ, ఎర్రపెంకుల కప్పులూ, దూరంగా ఆల్ప్స్. మాంట్ బ్లాంక్ స్పష్టంగా కనిపిస్తే వాన వస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ పొద్దు కనిపించింది.

దిగడానికి గుడి వెనక గులాబీ తోటలోంచి మెలికల దారి. ఎక్కుడు ఊపిరి తీస్తే, దిగుడు తొడలు తీసింది.

మధ్యాహ్నం తమ్ముడితో మళ్లీ కొండెక్కాను, ఈసారి బుల్లి రైల్లోనే. థియేటర్ పక్కన కొండలోకే తొలిచి కట్టిన మ్యూజియం ఉంది, 1975 నాటిది. పై అంతస్తులో లోపలికి వెళ్లి, కాంక్రీటు వాలు మీద మెలికలు తిరుగుతూ కిందికి దిగాలి. అక్కడ ఓ కంచు పలక ముందు చాలాసేపు నిలబడ్డాను. క్లాడియస్ చక్రవర్తి పుట్టింది ఈ ఊళ్లోనే, క్రీస్తుపూర్వం 10లో. క్రీస్తుశకం 48లో రోమ్ సెనేట్‌లో నిలబడి, గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) ప్రాంతపు పెద్దలకూ సెనేట్‌లో చోటివ్వాలని వాదించాడు. ఆ ప్రసంగమే పలక మీద చెక్కి ఉంది. 1528లో క్రువా-రూస్ కొండ మీద ద్రాక్షతోటలో దొరికింది. అక్షరాలు ఇంకా పదునుగా, వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఉన్నాయి.

శనివారం

ఫుర్వియేర్ ప్రార్థన చేసే కొండ, క్రువా-రూస్ పని చేసే కొండ అని ఇక్కడ నానుడి. నేను లియోన్ వచ్చింది రెండోదాని కోసం.

మా మేనమామ ధర్మవరంలో పట్టు మగ్గం నేసేవాడు. మగ్గం మీద పైన జకార్డు పెట్టె, దాంట్లోంచి వేలాడే చిల్లుల అట్టల దండ. కింద ఆయన తొక్కుడు తొక్కినప్పుడల్లా పైన ఒక్కో అట్ట టకీమని తిరిగేది. ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ చిల్లులే చెప్పేవి. అంచు మీద హంసలూ మామిడి పిందెలూ అలా పుట్టేవి. ఆ పెట్టెకు పేరిచ్చిన జోసెఫ్ మరీ జకార్ పుట్టింది లియోన్‌లో, 1752లో. ఆయన యంత్రం 1804 నాటికి రూపు దిద్దుకుంది. ఆలోచన మొత్తం ఆయనదే కాదు. చిల్లుల కాగితంతో పోగుల్ని నడిపించొచ్చని 1725లోనే బజీల్ బుషోన్ అనే ఇంకో లియోన్ మనిషి చూపించాడు. జకార్ దాన్ని మగ్గం మీద సరిగ్గా పనిచేసేలా చేశాడు. అంతకుముందు బుటా నేయాలంటే, మగ్గం పక్కన ఓ పిల్లో పిల్లాడో నిలబడి రోజంతా తాళ్లు లాగాలి. ఆ పిల్లల చాకిరీ తప్పింది. తల్లి చేతుల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిన సంగతి మనకు తెలిసిందే. నేతలో పనిముట్లు ఎక్కువగా ఇలా ఇంట్లోవాళ్ల ఒళ్లు నొప్పుల్లోంచే పుట్టాయేమో.

తమ్ముడు కూడా వస్తానన్నాడు, కానీ నడిచే షరతు మీద. తేరో చౌక్ నుంచి పైకి ఎక్కాం. కొండవాలు నిండా ఐదారంతస్తుల ఇళ్లు, పొడవాటి కిటికీలు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నేతగాళ్ల కోసమే కట్టినవి. జకార్ మగ్గం దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది, అందుకని గది ఎత్తూ నాలుగు మీటర్లు. పోగు కనపడాలి కాబట్టి కిటికీ కూడా అంతే. సగం గదికి చెక్క అటక కొట్టి, కుటుంబం దాని మీద పడుకునేది, కింద మగ్గం. ధర్మవరంలో మగ్గం కోసం నేలలో గుంట తీస్తారు, వీళ్లు కప్పు పైకెత్తారు.

ఈ కొండకి ప్రాణం త్రబూల్‌లు. ఓ వీధిలో తలుపు తోసి ఇంట్లోకి వెళ్తే, నడవా, మెట్లు, వాకిలి, మళ్లీ నడవా దాటి వేరే వీధిలో తేలతాం. పట్టు మూటలు తడవకుండా, చుట్టూ తిరగకుండా కిందికి చేర్చడానికి నేతగాళ్లకి ఇవి అక్కరకొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కన్నుగప్పడానికి ప్రతిఘటన దళాలూ వీటినే వాడుకున్నాయి. ఇవి ఇప్పటికీ జనం కాపురముండే ఇళ్లు. నగరపాలక సంస్థతో ఒప్పందం ఉంది: లైట్లు, శుభ్రం ఖర్చులో వాళ్లు చేయూతనిస్తారు, ఇళ్లవాళ్లు పగటిపూట తలుపు తెరిచి ఉంచుతారు. తాళం పడినట్టు కనిపించే తలుపు దగ్గర కూడా నంబర్ల పలక పైన ఓ బొత్తాం ఉంటుంది. నొక్కితే టక్కుమని తెరుచుకుంటుంది. లోపల పోస్టు డబ్బాలు, పిల్లల సైకిలు, ఎవరిదో గొడుగు, చెత్తబుట్ట, ఉడుకుతున్న కాఫీ వాసన. ఇక్కడ పరిగెత్తకండి. రాతి నడవాలో షూ చప్పుడు మూడంతస్తుల పైదాకా పోతుంది, శనివారం పొద్దున నిద్రపోయే హక్కు ఎవరికైనా ఉంటుంది కదా.

కోల్బేర్ చౌక్‌లో తొమ్మిదో నంబరు తలుపు తెరిస్తే వొరాస్ వాకిలి. ఆరంతస్తుల రాతి మెట్లు, ముందు గోడ లేకుండా ఆకాశానికి తెరుచుకుని ఉంటాయి. ఆ కాలపు నేతగాళ్ల సంఘం పేరు మీద ఈ వాకిలికి ఆ పేరు. నేతగాళ్లను ఇక్కడ కనూలు అంటారు. మగ్గం కనూది, నూలూ నమూనా షావుకారువి, కూలి నేసిన గజానికి ఇంత. ధర్మవరంలో మాస్టర్ వీవర్ దగ్గర నేసేవాళ్లకి ఈ లెక్క వివరించక్కర్లేదు. 1831 నవంబరులో కనూలు కనీస కూలి రేటు అడిగారు. రేటు కుదిరాక షావుకార్లలో కొందరు దాన్ని కాదన్నారు. కనూలు నల్ల జెండా పట్టుకుని కొండ దిగారు. "పని చేస్తూ బతుకుతాం, లేదంటే పోరాడుతూ చస్తాం" అన్నది వాళ్ల నినాదం. కొద్ది రోజులు ఊరు వాళ్ల చేతుల్లోనే ఉంది, ఆ తర్వాత పారిస్ నుంచి సైన్యం వచ్చి పడింది. 1834లో రెండోసారి లేచారు. అప్పుడు వందల మంది ప్రాణాలు పోయాయి. తమ్ముడు మెట్ల పిట్టగోడ మీద చెయ్యేసి, "మామకు చూపిస్తే బాగుండున్నా" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను.

పైన కనూల ఇల్లు అనే మ్యూజియంలో పాత మగ్గాన్ని నడిపి చూపిస్తారు. ఆ టకటక వినగానే ధర్మవరం వీధుల్లో ఒకింటి మగ్గం ఆగితే ఇంకో ఇంటిది అందుకునే పొద్దులు కళ్ల ముందుకొచ్చాయి. గైడ్ ఇంగ్లీషులో జకార్ గురించి చెబుతూ, 1839లో ఇక్కడే పట్టు మీద నేసిన ఆయన బొమ్మ గురించీ చెప్పింది. దూరం నుంచి చెక్కుడు అచ్చు అనిపించే ఆ బొమ్మకు 24,000 చిల్లుల అట్టలు పట్టాయి. దాని ప్రతి ఒకటి, కంప్యూటర్‌కు ఆద్యుడనే చార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది. తన లెక్కల యంత్రానికీ అట్టలే వాడాలన్న ఆలోచన ఆయనకి జకార్ మగ్గం నుంచే వచ్చింది. మాదాపూర్‌లో రోజూ కోడ్ రాసుకునే నేను, అదంతా మేనమామ తల మీద వేలాడిన అట్టల దండకు ఇంత దగ్గర చుట్టమని అప్పుడే మొదటిసారి లెక్కేసుకున్నాను.

కొండ అంచున ఓ పెద్ద బండరాయి. మంచుయుగంలో హిమనదం ఆల్ప్స్ నుంచి మోసుకొచ్చి వదిలేసినది. పక్కన సంతలో చెర్రీలు కొని, తమ్ముడు చెప్పిన చిన్న హోటల్లో భోంచేశాం. లియోన్ తిండికి పేరుపడ్డ ఊరే గానీ, ఆ పేరంతా పంది, ఆవు పేగుల మీద నడుస్తుంది. శాకాహారికి దక్కేది తాజా చీజ్‌లో ఉల్లికాడ, వెల్లుల్లి, కాస్త వెనిగర్ కలిపిన కనూల పచ్చడి. రొట్టెకి పూసుకుంటే కమ్మగానే ఉంది. దాని తర్వాత గులాబీ రంగు ప్రలీన్ టార్ట్, బాదం మీద చక్కెర పాకం. ఒక ముక్క చాలు, రెండోది తింటే సాయంత్రం పరుగు గోవిందా.

ఆదివారం

తెత్ దోర్ పార్కు. 1857లో తెరిచారు, 117 హెక్టార్లు, మధ్యలో చెరువు. చుట్టూ ఒక రౌండు నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆదివారం పొద్దున లియోన్‌లో షూ ఉన్న ప్రతివాళ్లూ ఇక్కడే ఉంటారు. క్లబ్బుల వాళ్లు, బేబీ బండి తోసుకుంటూ పరిగెత్తే తల్లులు, నన్ను సునాయాసంగా దాటిపోయిన ఓ డెబ్బై ఏళ్ల పెద్దాయన. మట్టి దారి మోకాళ్లకు హాయి. లోపలే జూ కూడా ఉంది, అది కూడా ఉచితమే. పరిగెడుతూ పక్కకు చూస్తే కంచె మీదుగా జిరాఫీ తల. గులాబీ తోట విరగబూసింది. ప్రాక్టీసుకు ఇంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు, కాకపోతే లియోన్ ఏమిటో మాత్రం ఇక్కడ తెలియదు. ఇలాంటి పార్కు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు.

శుక్రవారం కనిపించిన మాంట్ బ్లాంక్ మాట నిలబెట్టుకుంది, కాస్త ఆలస్యంగా. మధ్యాహ్నం వాన. తమ్ముడు తీసుకెళ్లిన చోటు చూసి నోరెళ్లబెట్టాను. క్రువా-రూస్ కొండ కింద రోన్ నుంచి సోన్ దాకా 1.7 కిలోమీటర్ల సొరంగం. 2013లో తెరిచారు, కార్లకు ప్రవేశం లేదు, బస్సులూ సైకిళ్లూ మనుషులే. గోడల మీద రంగుల బొమ్మలు ప్రొజెక్టర్‌తో కదులుతుంటాయి. వాచీకి శాటిలైట్ అందక నేను ఒకేచోట నిలబడ్డట్టు చూపించింది. నిన్న చెమటోడ్చి ఎక్కిన కొండ కిందనుంచి పది నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరిపోయాం. నిజం చెప్పొద్దూ, మోసం చేసినట్టే అనిపించింది.

సోమవారం

మ్యూజియాలు చాలావాటికి సెలవు, కాబట్టి మిగిలింది పరుగే. సోన్ ఒడ్డున దక్షిణంగా నదుల కలయిక దాకా వెళ్లాను. ఒకప్పటి గోదాములు, రేవుల చోట ఇప్పుడు నారింజ రంగు చిల్లుల పెట్టె లాంటి ఆఫీసు, 2014లో తెరిచిన గాజు-ఉక్కు మ్యూజియం. కొసన నిలబడితే ఎడమ చేతి వైపు పచ్చగా వడిగా రోన్, కుడి వైపు మట్టిరంగులో సోన్. కలిశాక కూడా కొంతదూరం రెండు రంగులూ విడివిడిగానే పోతాయి.

మధ్యాహ్నం రైలు. ప్లాట్‌ఫాం మీద తమ్ముడు ఫోన్‌లో సాంతె-లియోన్ పరుగు వివరాలు తీశాడు. శీతాకాలం మొదట్లో, అర్ధరాత్రి వేళ సాంతెత్యెన్ ఊళ్లో బయల్దేరి, నుదుటికి లైటు కట్టుకుని, కొండల మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు పరిగెత్తి లియోన్ చేరాలి. దారిలో మంచు, గడ్డకట్టిన బురద. 1950ల నుంచీ జరుగుతోందట.

"వస్తావా అన్నా?"

"నువ్వూ పరిగెత్తేటట్టయితే వస్తా."

"నేను ముగింపు దగ్గర టీ ఫ్లాస్కు పట్టుకుని ఉంటా. అది కూడా చలి తక్కువుంటేనే."

చిన్న దూరాల పోటీలు కూడా ఉన్నాయని ఆ పేజీలోనే రాసి ఉంది. వాటిలో ఒకదానికి వాడి పేరు నమోదు చేయిస్తానని చెప్పి రైలెక్కాను.